క్రిబ్ గోఖ్: ఎక్కే ముందు కాగితం మీద చేసిన పని

వేల్స్‌లో అన్నిటికన్నా ఎత్తయిన కొండ స్నోడన్. అక్కడివాళ్లు అర్ విద్వా అంటారు. ఎత్తు 1,085 మీటర్లు. పైదాకా చిన్న రైలు కూడా ఉంది. నేను వెళ్దామన్న దారి మాత్రం వేరు. తూర్పు వైపు నుంచి మొదలై, 923 మీటర్ల ఎత్తున క్రిబ్ గోఖ్ అనే సన్నటి రాతి అంచు మీదుగా పోయి శిఖరాన్ని కలుస్తుంది.

"బావా, రైలుండగా చేతులూ కాళ్లూ వేసి పాకడం దేనికి?" అన్నాడు మాంచెస్టర్‌లో ఉండే మా బావమరిది. అన్నవాడే మర్నాడు వెళ్లి బూట్లు కొనుక్కున్నాడు.

స్క్రాంబ్లింగ్ అంటే మామూలు నడకకూ రాక్ క్లైంబింగ్‌కూ మధ్యస్థం. చేతులు వాడక తప్పదు, కానీ తేలిక దారుల్లో తాడు కట్టుకునేవాళ్లు తక్కువ. బ్రిటన్‌లో వీటిని 1, 2, 3 గ్రేడులుగా విడదీస్తారు. క్రిబ్ గోఖ్ గ్రేడ్ 1, అంటే అన్నిటికన్నా తేలిక. ఆ మాట విని మోసపోకూడదు. పట్లు సులువుగానే దొరుకుతాయి, కానీ కాలు జారితే ఆపేదేమీ ఉండదు. నేను భువనగిరి కోట రాతి మీద కొంత నేర్చుకున్నవాణ్ని. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ తీసుకున్నదీ అక్కడే. భువనగిరిలో నడుముకి తాడుంటుంది, కింద దాన్ని పట్టుకున్న మనిషి ఉంటాడు. ఇక్కడ రెండూ ఉండవు. ఆ లోటు ప్లాన్‌తో పూడ్చుకోవాలి.

బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డినెన్స్ సర్వే వాళ్ల 1:25,000 మ్యాప్ బల్ల మీద పరిచి పెన్సిల్ పట్టుకున్నాను. ఎక్కడ ఎక్కాలో గుర్తు పెట్టుకోవడం పెద్ద పనేం కాదు. ఎక్కడిదాకా వెళ్లి వెనక్కి రావచ్చో చూసుకోవడమే అసలు పని. పెన్ అ పాస్ దగ్గర, 359 మీటర్ల ఎత్తున, పిగ్ ట్రాక్ అనే కాలిబాట మొదలవుతుంది. బుల్ఖ్ అ మోఖ్ అనే కనుమ దగ్గర అది చీలుతుంది. ఎడమకి పోతే అదే పిగ్ ట్రాక్, శిఖరం దాకా నడక. కుడికి తిరిగి పైకి పోతే క్రిబ్ గోఖ్. ఆ తూర్పు రాతిని ఎక్కడం కన్నా దిగడం కష్టం, ఎందుకంటే దిగేటప్పుడు కింద కాలు పెట్టే చోటు కనబడదు. పైకి చేరాక అంచు, ఆ తర్వాత రాతి స్తంభాలు. అవి దాటి బుల్ఖ్ కోఖ్ అనే పల్లానికి చేరేదాకా పక్కకి తప్పుకునే మంచి దారి లేదు. అక్కడికి చేరేసరికి కష్టమైన భాగం ఎలాగూ అయిపోతుంది. అంటే వద్దనుకోవడానికి మిగిలింది ఒకే చోటు, బుల్ఖ్ అ మోఖ్. దాని చుట్టూ సున్నా చుట్టి, పక్కన నాలుగు మాటలు రాశాను: గాలి, తడి, మబ్బు, టైము.

ముందు టైము సంగతి. నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో ఒక లెక్క చెప్పాడు: అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. క్రిబ్ గోఖ్, స్నోడన్, ఆ తర్వాత లివెద్ అనే 898 మీటర్ల కొండ కలుపుకుని గుర్రపు నాడాలా చుట్టి వస్తే పదకొండు, పన్నెండు కిలోమీటర్లు. ఎక్కుడు వెయ్యి మీటర్ల పైమాటే. నైస్మిత్ లెక్కలో నాలుగు గంటలు, కాస్త అటూ ఇటూ. కానీ ఆ లెక్క నడకకి పనికొస్తుంది, పాకడానికి కాదు. మ్యాప్ మీద ఆ అంచు బొటనవేలి గోరంత. దానికే గంటన్నర కేటాయించాను, ముందు మనుషులుంటే వాళ్లు కదిలేదాకా ఆగాలి కదా. మొత్తం ఎనిమిది గంటలు వేసుకుని, సాయంత్రం బస్సు టైము నుంచి వెనక్కి లెక్కపెట్టాను. పెన్ అ పాస్ కార్ పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి. ఆ తలనొప్పి మాకెందుకని దగ్గర్లోని నాంట్ పెరిస్ అనే ఊళ్లో కారు పెట్టి బస్సు ఎక్కుదామనుకున్నాం.

గాలి దగ్గర మాకు చిన్న పేచీ వచ్చింది. మొదట అనుకున్న శనివారానికి బావమరిది ఫోన్‌లో సూర్యుడి బొమ్మ కనిపిస్తోంది. అది కింద లాన్‌బెరిస్ ఊరి వాతావరణం. మెట్ ఆఫీస్ (బ్రిటన్ వాతావరణ శాఖ) కొండల సూచనలో ఎత్తును బట్టి చూస్తే 900 మీటర్ల దగ్గర గంటకు డెబ్భై కిలోమీటర్ల ఈదురుగాలి. నలభై దాటితే అంచు ఎక్కకూడదని కాగితం మీద రాసి ఉంది. శనివారం మానేశాం. వాడు రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. తడి సంగతీ అంతే. బ్రిటన్‌లో వానలు బాగా పడే చోట్లలో క్రిబ్ గోఖ్ ఒకటి. ఏడాదికి సగటున 4,000 మిల్లీమీటర్లు దాటుతుంది. హైదరాబాద్‌కి 800 దాకా పడుతుందేమో. అక్కడి రాయి వేలాది బూట్ల కింద నునుపు తేలింది. తడిస్తే పట్టు ఉండదు. ముందురోజు కూడా పొడిగా ఉన్న రోజు దొరికేదాకా ఆగాం. చివరికి మే నెలలో ఒక మంగళవారం కుదిరింది.

సంచిలో హెల్మెట్లు, హెడ్ టార్చ్, విజిల్, దిక్సూచి, పల్చటి చేతి తొడుగులు, డబ్బా నిండా పులిహోర. నీళ్ల సీసాలు పక్క జేబుల్లో పెట్టలేదు, రాతికి తగులుకుని మనిషిని పక్కకి లాగుతాయి. నడక కర్రలు మడిచి లోపల పెట్టేశాం. ఫోన్ సిగ్నల్ సరిగ్గా లేనిచోట అక్కడి అత్యవసర నంబరు 999కి మెసేజ్ పెట్టొచ్చు, కానీ మన ఫోన్ నంబరు ముందే రిజిస్టర్ అయి ఉండాలి. ఇంట్లోనే ఆ పని చేసుకున్నాం.

బుల్ఖ్ అ మోఖ్ దగ్గర కాగితం తీసి నాలుగు మాటలూ పైకి చదివాం. అంతలో నలుగురు కుర్రాళ్లు, మామూలు బూట్లతో, ముందు పోతున్నవాళ్ల వెంట కుడికి తిరిగారు. "స్నోడన్‌కేనా?" అని బావమరిది అడిగాడు. అవునన్నారు. పిగ్ ట్రాక్ ఎడమకని చూపిస్తే థాంక్స్ చెప్పి అటు పోయారు. ఇలా పొరపాటున పైకి పోయేవాళ్లు ఆ చోట చాలామందే ఉంటారట.

అంచు మీద ఉత్తరం, అంటే మా కుడి వైపు, నిట్టనిలువు. ఎడమ వైపు కాస్త వాలు. అందుకని నిటారుగా పైన నడవకుండా ఎడమ వైపు కొంచెం దిగువన కాళ్లు పెట్టి, అంచునే కటకటాల పైకమ్మీలా పట్టుకుని పక్కకి జరిగాం. ప్రతి రాతినీ ముందు తట్టి, లాగి చూసి, అప్పుడు బరువు వేశాం. ఒక చేయో ఒక కాలో కదిలితే మిగతా మూడూ రాతి మీదే. నేను వెనక్కి తిరిగి ఏదో చెప్పబోతే, "బావా, అవతలకి పోయాక మాట్లాడు" అన్నాడు. స్తంభాల దగ్గర ముందు ఒక గుంపు ఆగింది. చల్లటి రాతి మీద కూర్చుని వాళ్ల కోసం చాలాసేపు ఆగాల్సి వచ్చింది.

బుల్ఖ్ కోఖ్ చేరాక వాడే పులిహోర డబ్బా తీశాడు. అక్కణ్నుంచి గార్నెద్ ఇగైన్ అనే ఇంకో కొండ మీదుగా శిఖరానికి పోవడం మామూలు శ్రమే. పైన రైల్లో వచ్చినవాళ్లు టీ తాగుతున్నారు.

లివెద్ పేరు పక్కన కాగితం మీద 'రెండు లోపైతేనే' అని రాసి ఉంది. గడియారంలో రెండు దాటింది. మైనర్స్ ట్రాక్ అనే ఇంకో కాలిబాట మీదుగా సరస్సుల పక్కనుంచి దిగి బస్సు అందుకున్నాం.

ఇప్పుడు ట్రైఫాన్ అనే కొండ ఉత్తర రిడ్జ్, అంటే ఉత్తరపు అంచు, ఎక్కుదామని చూస్తున్నాను. అదీ గ్రేడ్ 1 దారే, కానీ తీరు వేరు. వెడల్పుగా ఉంటుంది, ఎటు చూసినా దారిలాగే కనబడుతుంది. వెనక్కి తిరిగే చోట్లు ఎక్కువ, దారి తప్పే చోట్లూ ఎక్కువే. కాబట్టి ఈసారి పెన్సిల్ గుర్తులు దిక్సూచి చూసి పెట్టుకోవాలి. బావమరిది మాత్రం లివెద్ బాకీ తీరితే గానీ అటు రానంటున్నాడు.