ఎరిట్రియా అక్క కోసం అవార్డు నామినేషన్ రాశాను

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం. టార్నీట్, ట్రుగనీనా, వెరిబీ వైపు ఒకే వీధిలో మన ఇల్లు, సౌత్ సూడాన్ వాళ్ల ఇల్లు, సోమాలీల ఇల్లు పక్కపక్కనే ఉంటాయి. పిల్లలు ఒకే బడికి పోతారు. అయినా ఆ కుటుంబాల గురించి మనలో చాలామందికి తెలిసింది టీవీ వార్తల్లో చూసిందే. 2018 జనవరిలో ఇక్కడి వార్తలన్నీ 'ఆఫ్రికన్ గ్యాంగులు' అంటూ హోరెత్తాయి. రాత్రిపూట హోటల్‌కి వెళ్లి భోంచేయడానికే మెల్‌బోర్న్ జనం భయపడుతున్నారని అప్పటి హోం వ్యవహారాల మంత్రి పీటర్ డటన్ రేడియోలో అన్నారు. దానికి జవాబుగా ఆఫ్రికన్ ఆస్ట్రేలియన్ యువత ఆ 'ఆఫ్రికన్ గ్యాంగులు' మాటనే హ్యాష్‌ట్యాగ్ చేసుకుని, తమ డిగ్రీ పట్టాల ఫోటోలు, ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో పని చేస్తున్న ఫోటోలు పెట్టారు. అవి చూశాకే నాకు ఈ కమ్యూనిటీ అవార్డులు ఎందుకు పెట్టుకుంటారో అర్థమైంది. తమ గురించి ఇంకెవరో చెబుతుంటే వింటూ కూర్చోకుండా తామే చెప్పుకోవడానికి.

నేను ఒక ఏజ్డ్ కేర్ హోమ్‌లో నర్సుని. నాతో నైట్ షిఫ్టులు చేసే ఒక ఎరిట్రియా ఆవిడని నేను అక్కా అనే పిలుస్తాను. ఆ పిలుపుకి అర్థం చెప్పిన రోజు నుంచి ఆవిడ కూడా నన్ను సిస్టర్ అనడం మొదలుపెట్టింది. పొద్దున ఏడింటికి షిఫ్టు దిగి, కాసేపు పడుకుని, మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్లి పిల్లలతో హోంవర్క్ చేయిస్తుంది. శనివారాలు కుర్రాళ్లకి డ్రైవింగ్ నేర్పుతుంది. ఇవన్నీ చాలా ఏళ్లుగా నడుస్తున్నాయి. మా విక్టోరియా రాష్ట్రంలో ఉంటున్న ఆఫ్రికన్ వలసదారుల్లో సేవ చేసిన వాళ్లకి ఇచ్చే ఒక అవార్డుకి నామినేషన్లు పిలిచారని తెలియగానే నాకు గుర్తొచ్చింది ఆవిడే. ఎవరైనా నామినేట్ చేయవచ్చు, ఆఫ్రికన్ అయి ఉండక్కర్లేదు అని ఫారంలోనే రాసి ఉంది.

నామినేట్ అయ్యే మనిషి అనుమతి తప్పనిసరి. అడిగితే అక్క ఒప్పుకోలేదు. "నాకెందుకు? పిల్లల్లో ఎవరికైనా రాయి" అంది. నేను వదల్లేదు. ఒక రాత్రి బ్రేక్‌లో ఆవిడే మళ్లీ ఆ మాట ఎత్తింది. హోంవర్క్ క్లబ్‌లో పన్నెండో తరగతి చదివే అబ్బాయి రైల్లో కూర్చోబోతే, పక్కన ఉన్నావిడ హ్యాండ్‌బ్యాగ్ దగ్గరకు లాక్కుని లేచి వెళ్లిపోయిందట. ఆ అబ్బాయి రెండు రోజులు క్లబ్‌కి రాలేదట. "సరే, రాయి. కానీ ఒక షరతు. శరణార్థి క్యాంపు గురించి రాయకు. నేను పడ్డ కష్టాలు చదివి జాలిపడి ఎవరూ నాకు ఏమీ ఇవ్వక్కర్లేదు. నేను ఏం చేస్తున్నానో అది రాయి" అంది.

ఆ షరతు వల్లే నా పని కష్టమైంది. మంచిదీ అయింది. ఇలాంటి నామినేషన్లు ఎన్నో చదివాను. యుద్ధం, సరిహద్దు దాటడం, శరణార్థి శిబిరం, వీసా, ఆ తర్వాత 'ఎన్నో అవరోధాలను అధిగమించి' అనే వాక్యం. అసలు ఆ మనిషి చేసిన పని చివర్లో రెండు లైన్లలో ఉంటుంది. ఎరిట్రియా ముప్పై ఏళ్లు యుద్ధం చేసి 1993లో స్వతంత్ర దేశమైంది. ఆ యుద్ధంలో లక్షలమంది సూడాన్‌కి పారిపోయారు. అది చరిత్ర, ఎవరైనా చదువుకోవచ్చు. అందులో అక్క కథ ఏమిటో నేను ఫారంలో రాయలేదు, ఇక్కడా రాయను.

మరి ఆవిడ పనికి రుజువులు ఎక్కడున్నాయి? ఫారం అడిగింది అదే. ఎంతకాలంగా, ఎంతమందికి, ఏం మార్పు వచ్చింది, ఆధారాలు జతచేయండి. సంఘాల అధ్యక్షుల దగ్గరైతే ఫోటోలు, లెటర్‌హెడ్లు, పేపర్ కటింగులు ఉంటాయి. అక్క దగ్గర ఒక పాత ఫోన్, ఒక నోటుబుక్కు ఉన్నాయి. నా దృష్టిలో ఈ అవార్డుల్లో అసలు చిక్కు ఇక్కడే ఉంది. మైకు పట్టుకునేవాళ్ల సేవకి కాగితం ఉంటుంది. వంట చేసి పంపేవాళ్ల సేవకి ఉండదు.

డ్రైవింగ్‌తో మొదలుపెట్టాను, ఎందుకంటే అక్కడ లెక్క ఉంది. విక్టోరియాలో 21 ఏళ్ల లోపు వాళ్లు లైసెన్సు పరీక్షకి వెళ్లాలంటే 120 గంటలు, అందులో 20 గంటలు రాత్రిపూట, ఫుల్ లైసెన్సు ఉన్నవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి ఉండాలి. మనలాంటి ఇళ్లలో నాన్నో బాబాయో కూర్చుంటారు. తల్లి ఒక్కతే నలుగురు పిల్లల్ని పెంచుతూ, కారు లేని ఇంట్లో ఆ 120 గంటలు ఎక్కణ్నుంచి వస్తాయి? లైసెన్సు లేకపోతే తెల్లవారుజామున మొదలయ్యే గోడౌన్ పనికి పోలేరు, అప్రెంటిస్‌గా చేరలేరు. ఇలాంటి పిల్లల కోసమే ఎల్‌టుపీ అనే పథకం ఉంది. వాలంటీరు పక్కన కూర్చుని నేర్పుతారు. అక్క అందులో మెంటర్. ప్రతి ప్రయాణం లాగ్‌బుక్కులో ఎక్కుతుంది: తేదీ, సమయం, పక్కన కూర్చున్నవాళ్ల వివరాలు. లైసెన్సు తెచ్చుకున్న కుర్రాళ్లని అడిగితే సంతోషంగా లాగ్‌బుక్కులు ఇచ్చారు. పర్మిట్ నంబర్లు, అడ్రసులు కనబడకుండా చేసి, అక్క పేరున్న పేజీలు జతచేశాను. వర్షం పడే జూలై రాత్రుళ్లు, పండగ మర్నాళ్లు, అన్నీ ఉన్నాయి వాటిలో.

రెండోది 2020 కోవిడ్ లాక్‌డౌన్. ఆ ఏడాది జూలై 4న ఫ్లెమింగ్టన్, నార్త్ మెల్‌బోర్న్‌లలో తొమ్మిది ప్రభుత్వ గృహ టవర్లని ముందు చెప్పకుండా మూసేశారు. దాదాపు మూడువేలమంది లోపల, కింద పోలీసులు. ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా నుంచి, ఆసియా నుంచి వచ్చిన కుటుంబాలే. ఆల్ఫ్రెడ్ స్ట్రీట్‌లోని టవర్‌ని పూర్తిగా రెండు వారాలు మూసి ఉంచారు. అలా ఉన్నపళంగా మూసేయడం మానవ హక్కుల చట్టానికి విరుద్ధమని ఆ డిసెంబర్‌లో ప్రభుత్వం మీద ఫిర్యాదులు విచారించే విక్టోరియా అంబుడ్స్‌మన్ నివేదిక తేల్చింది. ఆ మొదటి రోజుల్లో తిండి, మందులు, పాలపొడి అందించడానికి పరుగెత్తింది చుట్టుపక్కల సంఘాల వాళ్లు. నార్త్ మెల్‌బోర్న్‌లోని ఆస్ట్రేలియన్ ముస్లిం సోషల్ సర్వీసెస్ ఏజెన్సీ భవనం సరుకుల గోడౌనైపోయింది.

అక్క ఒకప్పుడు ఫ్లెమింగ్టన్ టవర్లలోనే ఉండేది. ఏ అంతస్తులో షుగర్ ఉన్న ముసలావిడ ఉంది, ఎవరికి పసిబిడ్డ ఉంది, ఎవరికి ఇంగ్లీషు రాదు, అన్నీ ఆవిడకి తెలుసు. ఆ నోటుబుక్కులో ఉన్నది ఆ జాబితానే. తిగ్రిన్యా భాషలో పేర్లు, పక్కన ఫ్లాటు నంబర్లు, ఏం కావాలో, అందిందో లేదో టిక్కులు. ఆ పేజీలు చూస్తూ చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ కుటుంబాల అనుమతి తీసుకుని, పేర్లు కప్పి, ఒక్క పేజీ ఫోటో పెట్టాను. నా అంచనాలో మొత్తం దరఖాస్తుకి ప్రాణం ఆ పేజీయే.

సిఫారసు ఉత్తరాల విషయంలో ఒకటే చెప్పగలను: పెద్ద హోదా ఉన్నవాళ్ల కంటే దగ్గరగా చూసినవాళ్లని అడగండి. లైబ్రరీలో పని చేసే ఆవిడ రాసింది. ఇప్పుడు ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌గా ఉన్న కుర్రాడు రాశాడు. టవర్‌లో ఉండే ఒక తల్లి తన భాషలో చెబుతుంటే కూతురు ఇంగ్లీషులో రాసి ఇద్దరూ సంతకం పెట్టారు. 'మంచి మనిషి, దయగలది' అని రాసిన చోటల్లా "ఏం చేసింది? ఎప్పుడు?" అని అడిగాను. అప్పుడు మాటలు వచ్చాయి. "మా అబ్బాయి బడి మానేస్తానంటే మా ఇంటికొచ్చి మూడు గంటలు కూర్చుంది. ఒక్కసారి కూడా తిట్టలేదు." దీనికి మించిన సిఫారసు ఏముంటుంది?

ఆఖరి వారం టెన్షన్‌గానే గడిచింది. ఒక్కో ప్రశ్నకి 300 పదాలే రాయాలి. అక్క ఇంట్లో కూర్చుని ప్రతి వాక్యం చదివి వినిపించాను. ఆవిడ పచ్చి కాఫీ గింజలు వేయించి, దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాచి, మూడు విడతలు పోసింది. మూడో విడత తాగకుండా లేవకూడదు. పక్కన పళ్లెంలో ఇంజెరా, మన పుల్లట్టులాగే పులిసిన పిండితో పోసింది. "ఇది నేనొక్కదాన్నే చేయలేదు" అని రెండు చోట్ల 'నేను' తీయించి 'మేము' పెట్టించింది.

ఫైనలిస్టుల జాబితాలో అక్క పేరు వచ్చింది. అవార్డులిచ్చే రాత్రి జూరియా అనే తెల్లటి గౌను వేసుకుని, నెత్సెలా అనే పల్చటి శాలువా భుజాన వేసుకుని వచ్చింది. హాలు నిండా నైజీరియా ఆడవాళ్ల గెలె తలపాగాలు, ఘనా కెంటె బట్టలు, సోమాలీ, సౌత్ సూడాన్ కుటుంబాలు. ఈ దేశపు ఆదివాసులకి గౌరవం తెలిపి కార్యక్రమం మొదలుపెట్టారు. సేవా విభాగంలో అవార్డు ఇంకొకరికి వచ్చింది. చనిపోయినవాళ్లని స్వదేశానికి పంపే ఖర్చుల కోసం ఏళ్లుగా చందాలు పోగుచేసే పెద్దాయన ఆయన. నిజంగా అర్హుడు. అయితే ఫైనలిస్టుల గురించి చదివినప్పుడు లాగ్‌బుక్కుల మాట రాగానే వెనక బల్లల దగ్గర కుర్రాళ్లు లేచి నిలబడ్డారు. ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ చేసే ఆ మంగళధ్వని హాలంతా పాకింది.

ఆ దరఖాస్తు వృథా పోలేదు. అందులోని భాగాలే తీసుకుని కౌన్సిల్ గ్రాంటుకి పెడితే హోంవర్క్ క్లబ్‌కి ల్యాప్‌టాప్‌లు వచ్చాయి.

చాలామందికి తెలియని మాట ఇంకొకటి. ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్ అవార్డులకి కూడా ఎవరైనా నామినేట్ చేయవచ్చు. అందులో 'లోకల్ హీరో' విభాగం ఇలాంటి వాళ్ల కోసమే. గడువు జూలై 31. 2009లో విక్టోరియా రాష్ట్రపు ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్‌గా ఎంపికైన డాక్టర్ బెర్హాన్ అహ్మద్ ఎరిట్రియాలో పుట్టినవారు. 2017లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం నుంచి అలాగే ఎంపికైన లాయర్ డెంగ్ అదుత్ సౌత్ సూడాన్ నుంచి వచ్చినవారు. 2023 యంగ్ ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్, ఫుట్‌బాల్ ఆటగాడు ఆవెర్ మబిల్ కెన్యాలోని కకుమా శిబిరంలో పుట్టాడు. ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా అనే జాతీయ పురస్కారానికైతే నామినేట్ చేసిన సంగతి ఆ మనిషికి చెప్పకూడదు. అక్కడ రుజువులు గుట్టుగా పోగుచేయాలి.

మన తెలుగు సంఘాల వాళ్లకి కూడా ఇదే చెబుతున్నాను. ఉగాది వేదిక మీద స్పాన్సర్లకి, అతిథులకి శాలువా కప్పండి, తప్పులేదు. కొత్తగా వచ్చిన స్టూడెంట్లకి నెలల తరబడి అన్నం పెట్టిన ఆంటీల పేర్లు కూడా ఎవరో ఒకరు రాసి పెట్టాలి కదా.

ఈసారి అక్కే నామినేటర్. టవర్లలో ముసలివాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టరు మాటలు తర్జుమా చేసి చెప్పే ఒక సోమాలీ ఆవిడ కోసం ఉత్తరాలు పోగుచేస్తోంది. ఫారం టైపు చేయడం నా వంతు. ఆవిడ కూడా మొదట ఒప్పుకోలేదట.