లారీ టైరు గాలికే చిట్లిన బండ

డిసెంబర్ 13, నల్గొండ

పొద్దున పంచర్ షాపులో లారీ టైరుకు గాలి పడుతున్నారు. గేజీ ముల్లు 100 దాటింది. కంప్రెసర్ నుంచి ట్యాంకులోకి పోయే గొట్టం చెయ్యి పెట్టనియ్యట్లేదు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, అంతే సంగతి. ఉల్కలు గాలి రాపిడికి మండుతాయని ఏటా రాసేవాళ్లు ఆ గొట్టం ఒక్కసారి ముట్టుకుంటే బాగుండు. అంతరిక్షం నుంచి పెద్ద బండ దూసుకొస్తే ముందున్న గాలికి పక్కకు జరిగే టైం ఉండదు. అక్కడికక్కడే నలిగి, కాగి, వెలుగుతుంది.

ఆ నొక్కుడు ఎంతంటే, గాలి సాంద్రతను వేగం వర్గంతో గుణిస్తే సుమారుగా వచ్చేస్తుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు.

2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్‌స్క్ మీదికి వచ్చిన బండ అడ్డం 20 మీటర్లకు అటూ ఇటూ, వేగం సెకనుకు 19 కిలోమీటర్లు. 45 కిలోమీటర్ల ఎత్తులో ఘనపు మీటరు గాలి 2 గ్రాములే తూగుతుంది. మన దగ్గర కిలో పైమాటే. 0.002ను 19,000తో రెండుసార్లు గుణిస్తే 7 లక్షల పాస్కల్స్ చిల్లర, అంటే చదరపు సెంటీమీటరుకు 7 కిలోలు. గేజీ లెక్కలో 100. పొద్దున ఆ టైరులో ఉన్నంతే! బండ చిట్లడం మొదలైంది ఆ ఎత్తులోనే.

అంత బండ అంత తక్కువకే ఎందుకు చిట్లింది? చేతిలో పట్టే ముక్కైతే దానికి ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. పెద్ద బండలో మాత్రం అంతరిక్షంలో తిన్న పాత దెబ్బల పగుళ్లుంటాయి. మన గుట్టల దగ్గర రాయి కొట్టేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. బండంతా బాదరు. వరసగా బెజ్జాలు కొట్టి, ఇనుప మేకులు దించి, సమ్మెటతో ఒక్కోదాని మీద కొద్దికొద్దిగా వేసుకుంటూ పోతారు. కాసేపటికి చప్పుడు మారుతుంది, దారం పట్టినట్టు చీలుతుంది. ఉల్కకు ముందువైపు విపరీతమైన ఒత్తిడి, వెనక దాదాపు ఖాళీ. ఆ గాలి పగుళ్లలోకి చొరబడి మేకు పనే చేస్తుందని కంప్యూటర్ లెక్కల్లో తేలింది.

ఒకసారి చిట్లాక ఇక ఆగదు. ముక్కలు పరుచుకుంటే గాలికి ఎదురయ్యే వైశాల్యం పెరుగుతుంది, కిందికొచ్చేకొద్దీ గాలి చిక్కబడుతుంది. 30 కిలోమీటర్ల దగ్గర అదే వేగానికి చదరపు సెంటీమీటరుకు 65 కిలోల పైనే. అక్కడే పేలింది. వెలుగు చూసి జనం కిటికీల దగ్గరికొచ్చారు; పేలుడు తరంగం నిమిషం దాటాక వచ్చి అద్దాలు పగలగొట్టింది. సుమారు 1,500 మందికి గాయాలు, ఎక్కువ గాజు పెంకుల వల్లే.

ఈ రాత్రి రాలే జెమినిడ్స్‌కు, అంటే ఏటా డిసెంబర్‌లో కనిపించే ఉల్కలకు, పై లెక్క పనికిరాదు. అవి చాలావరకు ఇసుక రేణువులు, సెకనుకు 35 కిలోమీటర్లు. 90, 100 కిలోమీటర్ల ఎత్తులో గాలి అణువులు ఎంత ఎడంగా ఉంటాయంటే, రేణువు ముందు గాలి పోగయ్యే వీలే లేదు. ఒక్కో అణువూ నేరుగా వచ్చి తగిలి దాన్ని ఆవిరి చేస్తుంది. చూడాలంటే పానగల్ చెరువు కట్ట లాంటి చీకటి చోటు, రాత్రి పది దాటాక. రెండింటికల్లా ఈ ఉల్కలు వచ్చినట్టు కనిపించే మిథున రాశి నడినెత్తికి వస్తుంది.

అరుదుగా నేలదాకా వచ్చే రాయి చివరి కిలోమీటర్లు వెలుగే లేకుండా మామూలు రాయిలాగే పడుతుంది. పైన మిల్లీమీటరు మందం కూడా లేని నల్ల పెచ్చు ఉంటుంది, లోపల మాత్రం అంతరిక్షపు చల్లదనమే. గడ్డివాము మీద పడ్డా అంటుకోదు.