నడకలో లెక్కలు: సీఓపీడీతో ఇంటి వద్ద నా సాధన

మిర్యాలగూడలోని ఒక ధాన్యం మిల్లులో నేను 31 ఏండ్లు గుమాస్తాగా పనిచేశాను. సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో రెండు పంటలు పండే ఈ ప్రాంతంలో వానాకాలం వడ్లు, యాసంగి వడ్లు దిగే నెలల్లో మిల్లులో ఊక దుమ్ము తెరలాగా నిలిచి ఉండేది. ఆ దుమ్ములోనే కూర్చుని లెక్కలు రాశాను, ఆ దుమ్ములోనే రోజుకొక కట్ట బీడీలు తాగాను. ఈ రెండింటిలో దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేను గాని, 63వ ఏట స్పైరోమెట్రీ పరీక్ష చేసినప్పుడు, గట్టిగా ఊదితే మొదటి సెకనులో నేను వదలగలిగిన గాలి నా వయసుకు, ఎత్తుకు ఉండవలసిన దానిలో 43 శాతమే ఉన్నదని తేలింది. ఇది సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి బయటికి రావడం కష్టమయ్యే దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు అన్నారు. అంతకు ముందు మూడేండ్ల పాటు దీనిని ఉబ్బసమనీ, వయసు ప్రభావమనీ చెప్పి దగ్గు మందుతో పంపించిన వారున్నారు. ఆ మూడేండ్లూ నేను బీడీ మానలేదు. అందుకు ఇప్పటికీ మనసు నొచ్చుకుంటుంది.

ఆయాసం కంటే నన్ను ఎక్కువగా భయపెట్టినది మతిమరుపు. వందల బస్తాల తూకాన్ని నోటి లెక్కతో కూడిన నాకు, ఇంట్లో చిట్టీ డబ్బు మూడుసార్లు లెక్కపెడితే మూడు మొత్తాలు రాసాగాయి. నా భార్య మూడు సరుకులు చెప్పి పంపితే రెండు తెచ్చేవాడిని. ఎవరైనా మాట్లాడుతుండగా నడిస్తే మాట అందేది కాదు, మాట వింటే అడుగు ఆగిపోయేది. ఇది ఊపిరితిత్తుల జబ్బుకు సంబంధించిన విషయమని నాకు తట్టనే లేదు. డాక్టరు గారు అడిగినందువల్ల చెప్పాను గాని, లేకపోతే చెప్పేవాడిని కాను.

సీఓపీడీ ఉన్న వారిలో కొందరికి జ్ఞాపకం, ఏకాగ్రత మందగిస్తాయనీ, రక్తంలో ప్రాణవాయువు తగ్గడం, ఒంట్లో ఎడతెగని వాపు గుణం, కదలిక లేకుండా కూర్చోవడం ఇందుకు దారితీస్తాయనీ ఆయన వివరించారు. మందుతో పాటు వ్యాయామ శిక్షణ అవసరమన్నారు. అయితే ఆ శిక్షణ కోసం వారానికి రెండు మూడుసార్లు హైదరాబాదు వెళ్ళి రావడం నా ఒంటికీ, సంపాదనకూ సాధ్యం కాదు. చివరికి నల్లగొండలోని ఒక ఫిజియోథెరపిస్టు, నెలకు రెండుసార్లు నన్ను చూసి, మిగిలినది ఇంట్లో చేసుకొనేలా ఎనిమిది వారాల సాధన రాసిచ్చారు.

మొదటి రోజే ఆయన నన్ను 30 మీటర్ల వరండాలో ఆరు నిమిషాలు నడిపించారు. మధ్యలో రెండుసార్లు ఆగి, మొత్తం 270 మీటర్లు నడిచాను. దెబ్బతిన్న ఊపిరితిత్తులు వ్యాయామం వల్ల తిరిగి బాగుపడవని ఆయన దాచకుండా చెప్పారు. దమ్ము వస్తుందని మనిషి కూర్చుంటాడు, కూర్చున్న కొద్దీ కాళ్ళ కండరాలు చిక్కిపోతాయి, చిక్కిన కండరం కొద్ది పనికే అలసి ఊపిరిని మరింతగా అడుగుతుంది, దాంతో దమ్ము ఇంకా పెరుగుతుంది. ఈ చక్రాన్ని కాళ్ళ దగ్గర తెంచాలన్నది ఆయన మాట. ఇంత సూటిగా నాకు అంతకు ముందు ఎవరూ చెప్పలేదు.

మొదటి వారమంతా ఊపిరి మీదనే గడిచింది. రెండు అంకెలు లెక్కించే లోపల ముక్కుతో పీల్చి, వేడి చాయను ఊదినట్టు పెదవులు దగ్గరికి తెచ్చి నాలుగు అంకెల సేపు మెల్లగా వదలాలి. లేచేటప్పుడు, బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదులుతూ చేయాలి. ఈ ఒక్క అలవాటే స్నానానికి బకెట్ ఎత్తడంలో నాకు తేడా చూపించింది. తరువాత కుర్చీలో కూర్చుని లేవడం, అరలీటరు నీళ్ళ సీసాలు పట్టుకొని చేతులు పైకెత్తడం, వాకిలి నుంచి పెరటి గోడ వరకు నడవడం వచ్చి చేరాయి. ఆయాసాన్ని సున్నా నుంచి పది వరకు నాకు నేనే కొలుచుకొని మూడు, నాలుగు మధ్య ఉంచాలి. రక్తంలో ప్రాణవాయువు శాతాన్ని చూపే ఆక్సీమీటర్‌ను వేలికి పెట్టినప్పుడు 88 కంటే తక్కువ చూపిస్తే ఆగిపోవాలి. యోగా తెలిసిన బంధువు ఒకరు కపాలభాతి చేయమన్నారు గాని, వేగంగా ఊపిరిని నెట్టే సాధన నాకు వద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు.

మతిమరుపు కోసం ఫిజియోథెరపిస్టు రాసిచ్చిన మెదడు సాధన మూడో వారంలో మొదలైంది. వందలోంచి ఏడేడు తగ్గిస్తూ నడవమన్నారు. నేను మిల్లులో లెక్క చెప్పిన అలవాటుతో పైకి అంటూ బయలుదేరాను. 72 దాకా వచ్చేసరికి ఊపిరి వదలడం మరచిపోయాను, 65 తట్టలేదు, గుండె దడదడలాడింది, ఆక్సీమీటర్ 87 చూపించింది. గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి నిలబడితే నాలుగైదు నిమిషాలకు కుదుటపడ్డాను. ఫిజియోథెరపిస్టుకు ఫోను చేస్తే ఆయన నన్ను తప్పుపట్టలేదు. లెక్కను ముందు కూర్చుని చేసి, అది నోటికి వచ్చిన తరువాతనే నడకతో కలపమన్నారు. పైకి అనకుండా మనసులోనే చేయాలనీ, మెట్ల మీద, ఒంటికాలి మీద నిలబడే సాధనలో లెక్క అసలే వద్దనీ చెప్పారు.

ఏడేడు తగ్గించే లెక్కలో నాకు ప్రాణం లేదనిపించింది. అందుకే నా వృత్తి లెక్కను నేనే తెచ్చుకున్నాను. ప్రభుత్వ ధాన్యం మరపట్టి ఇచ్చేటప్పుడు క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం అప్పగించాలి. బస్తా 40 కిలోలు. మా మనుమరాలు పొద్దున ఒక అంకె చెబుతుంది, నేను నడుస్తూ కడతాను. 37 బస్తాలంటే 14 క్వింటాళ్ళ 80 కిలోలు, బియ్యం 991 కిలోల 600 గ్రాములు. నేను ఆగి జవాబు చెప్పాక ఆమె ఫోనులో సరిచూసి, తప్పయితే "తాతా, మళ్ళ చెయ్" అంటుంది. లెక్క విసుగు పుట్టించిన రోజున రైలు స్టేషన్లను తిరగేసి తలచుకుంటాను: వలిగొండ, రామన్నపేట, చిట్యాల, నల్లగొండ, తిప్పర్తి, మిర్యాలగూడ, విష్ణుపురం. ప్రతి నాలుగు అడుగులకు ఒక పేరు, ఆ నాలుగు అడుగులూ ఊపిరి వదలడం. ఊపిరి, అడుగు, పేరు మూడూ ఒక వరుసలో పడిన రోజు కలిగిన తృప్తిని మాటల్లో పెట్టలేను.

అయిదో వారంలో యాసంగి కోతలు వచ్చాయి. రోడ్ల పక్కన వడ్లు ఆరబోశారు, దుమ్ము లేచింది, నా కఫం పసుపు రంగుకు మారి ఆయాసం ఎక్కువైంది. సాధన ఆపి అదే రోజు డాక్టరు గారి వద్దకు వెళ్ళాను. పది రోజుల తరువాత పాత లెక్కలో సగంతో మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది. చేసినదంతా పోయిందన్న దిగులుతో రెండు రోజులు కుర్చీలోంచి లేవలేదు. మూడో రోజున నా భార్య ఏమీ అనకుండా నీళ్ళ సీసాలు నింపి కుర్చీ పక్కన పెట్టింది.

ఎనిమిది వారాలనుకున్నది పది వారాలకు ముగిసింది. స్పైరోమెట్రీలో అంకె 43 దగ్గరనే ఉన్నది. అదే వరండాలో ఆరు నిమిషాలకు, ఒక్కసారి కూడా ఆగకుండా, 318 మీటర్లు నడిచాను. చిట్టీ లెక్క ఒక్కసారికే సరిపోతున్నది. అందులో సాధన పాలు ఎంతో, మందు పాలు ఎంతో తేల్చగల తూకం నా దగ్గర లేదు. ఇప్పుడు ఎండ ఎక్కకముందే, పొద్దున ఆరింటికి, వాకిట్లో నడక పూర్తిచేస్తున్నాను. కోతల రోజుల్లో తలుపులు వేసుకొని నడవడానికి నడిమింటి అర్రలో మంచాన్ని గోడకు జరిపి దారి చేసుకున్నాం. మనుమరాలు ఈ వారం నుంచి బస్తాల అంకెను మూడంకెలకు పెంచింది.