తదితరులు

మా బావ నాతో మాట్లాడక నాలుగు రోజులైంది. ఆస్తి తగాదా కాదు, పండక్కి పిలవలేదన్న అలకా కాదు. సచిన్ నూరో సెంచరీ.

ఆదివారం పొద్దున ఆయన షాపులో కూర్చుని చాయ్ తాగుతూ, క్రికెట్‌లో అన్నిటికంటే ఓవర్‌రేటెడ్ సెంచరీ అదే అన్నాను. దేవరకొండ రోడ్డు మీద ఆయనకు మోటార్ వైండింగ్ షాపుంది. ఒక గోడకు యాదగిరిగుట్ట నరసింహస్వామి క్యాలెండర్, పక్కనే సచిన్ ఫొటో. పొద్దున షట్టర్ ఎత్తగానే అగరుబత్తి రెండింటికీ తిప్పుతాడు. అలాంటి చోట నోరు జారాను.

"ఏందిరా బామ్మర్ది, నూరు సెంచరీలు గొట్టినోడు ఓవర్‌రేటెడా?"

"ఆయనను అనలే బావా. గా సెంచరీని అన్న."

"రెండూ ఒక్కటే," అని రాగి తీగ చుట్టడంలో పడిపోయాడు. మళ్లీ తలెత్తలేదు.

నా వాదన ఇది. 99వ సెంచరీ 2011 మార్చి 12న నాగపూర్‌లో వచ్చింది. నూరోది 2012 మార్చి 16న మీర్పూర్‌లో, బంగ్లాదేశ్ మీద. మధ్యలో ఏడాది నాలుగు రోజులు దేశమంతా ఆ ఒక్క అంకె గురించే మాట్లాడింది. తీరా వచ్చిన రోజు 147 బంతుల్లో 114. మనం 289 కొట్టాం, బంగ్లాదేశ్ ఇంకా నాలుగు బంతులు మిగిలుండగానే కొట్టేసింది. అసలు ఆ నూరు అన్న లెక్కే ఎట్లా వచ్చింది? టెస్టుల్లో 51, వన్డేల్లో 49. వడ్లూ బత్తాయిలూ ఒకే కాటా మీద వేసి నూరు కిలోలైంది అన్నట్టు. గుండ్రటి అంకె కనబడితే మనకు భక్తి పుడుతుంది.

ఆ రాత్రి బావ దగ్గర్నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. పలకరింపు లేదు, ఏమీ లేదు. "33/49" అంతే.

నాకు అర్థమైంది. సచిన్ కొడితే ఇండియా ఓడిపోతుందని ఊళ్లలో ఒక మాట ఉంది కదా, దానికి ఆయన జవాబు. 49 వన్డే సెంచరీల్లో 33 సార్లు మనం గెలిచాం, ఓడింది 14. ఆ మాట అన్నది నేను కాదు. కానీ కోపంలో ఉన్న మనిషికి ఎదురుగా ఎవరుంటే వాళ్లదే తప్పు.

అయినా సచిన్ గురించి నాకు చెప్పాల్సిన పని లేదని ఆయనకూ తెలుసు. 2009 నవంబర్ 5న ఉప్పల్ స్టేడియానికి ఇద్దరం కలిసే పోయాం. నల్లగొండ నుంచి ఎల్బీ నగర్‌కు బస్సు, అక్కడి నుంచి ఉప్పల్‌కు ఆటో. అక్క కట్టిచ్చిన పులిహోర గేటు దగ్గర లోపలికి తీసుకుపోనివ్వరేమో అని బయటే నిలబడి గబగబా తిన్నాం. ఆస్ట్రేలియా 350 కొట్టింది. మనవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పోతున్నా ఆయన ఒక్కడు ఆడుతూనే ఉన్నాడు. 141 బంతుల్లో 175. ఔటైనప్పుడు ఇంకా 19 పరుగులు కావాలి, మూడు వికెట్లు చేతిలో ఉన్నాయి. బావ నా భుజం పట్టుకుని "అయిపాయె" అన్నాడు. మూడు పరుగులతో ఓడిపోయాం. తిరుగు బస్సులో చౌటుప్పల్ దాటే దాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆయన కిటికీ వైపు తిరిగి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నేను చూడనట్టే కూర్చున్నా.

ఆ 175ని ఎవడైనా ఓవర్‌రేటెడ్ అంటే నేనూ కొట్లాడతా.

ఇక్కడే నేను దొరికిపోయాను. పట్టుకున్నది బావ కాదు, తొమ్మిదో తరగతి పిల్లగాడు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. సోమవారం గేమ్స్ పీరియడ్‌లో వాన పడి పిల్లలంతా వరండాలో కూర్చుంటే ఇదే ముచ్చట పెట్టాను. వాడు లేచి, "సార్, బుమ్రా ఓవర్‌రేటెడ్" అన్నాడు. ఎట్లరా అంటే ఇట్లా చెప్పాడు: 2025లో ఇంగ్లండ్‌లో మనం ఐదు టెస్టులు ఆడాం, రెండు గెలిచాం. బర్మింగ్‌హామ్, ఓవల్. ఆ రెండింట్లోనూ బుమ్రా లేడు. ఉన్న మూడింట్లో రెండు ఓడాం, ఒకటి డ్రా. లెక్క మొత్తం కరెక్టే, తేలిన సంగతి మాత్రం తప్పు. 200 టెస్టు వికెట్లు తీసేటప్పటికి వికెట్‌కు 20 పరుగుల లోపు సగటు ఉన్న బౌలర్ క్రికెట్ పుట్టినప్పటి నుంచి బుమ్రా ఒక్కడే. వాణ్ని కూర్చోబెట్టి, జట్టు గెలవడం వేరు, ఒక మనిషి బాగా ఆడటం వేరు, గెలుపోటములతో ఒక్కణ్ని కొలవకూడదు అని పావుగంట చెప్పాను. చెప్తూ చెప్తూ ఉంటే నాకే తట్టింది. మరి నిన్న నూరో సెంచరీ మీద వేసిన నింద ఏమిటి? బంగ్లాదేశ్ గెలిచింది కాబట్టే కదా?

ఆ మాట పిల్లగాడికి చెప్పలేదు. గంట కొట్టారు.

అదే ఓవల్‌లో సిరాజ్‌ను చూశారు కదా. బ్రూక్ క్యాచ్ పట్టి, కాలు వెనక్కి వేసి బౌండరీ తాడు తొక్కాడు. అప్పుడు బ్రూక్ స్కోరు 19, తర్వాత 111 దాకా పోయాడు. ఆ రాత్రి మా వీధి గ్రూపులో సిరాజ్‌ను ఎన్ని మాటలన్నారో ఇక్కడ రాయలేను. తెల్లారి ఐదు వికెట్లు పూర్తిచేసి ఆరు పరుగులతో గెలిపించాడు. అదే గ్రూపులో అవే వేళ్లు "మా హైదరాబాద్ మియా" అని టైపు చేశాయి. ఐదు టెస్టులూ ఆడి సిరీస్‌లో 23 వికెట్లు తీసినవాడు. మనం ఒక్క రాత్రిలో ఒకే మనిషిని పాతాళానికి తొక్కి మళ్లీ ఆకాశానికెత్తాం. అతని బౌలింగ్ ఆ రాత్రి ఏమీ మారలేదు.

స్టాఫ్ రూములో అయితే బ్యాడ్మింటన్ సింధు దొరుకుతుంది అందరికీ. "ఫైనల్స్‌లో ఓడిపోతది సార్" అంటారు మా లెక్కల సారు. రియో ఒలింపిక్స్ ఫైనల్లో మారిన్ చేతిలో ఓడింది, నిజమే, అందులోనూ మొదటి గేమ్ సింధుదే. మరి 2019లో బాసెల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడింది కదా, ఒకుహారా మీద 21-7, 21-7. మన సీరియల్ ఒక ఎపిసోడ్‌కు ప్రకటనలతో పట్టేంత టైములో అయిపోయింది. అది చెప్తే సారు, "అది ఒలింపిక్స్ కాదు కదా" అన్నారు. నాలుగేళ్లకోసారి టీవీ ముందు కూర్చునేవాళ్లు ఇచ్చే మార్కులివి. పేపర్లు దిద్దడంలో కూడా సారు ఇట్లాగే ఉంటారని పిల్లలంటారు, నాకు తెలియదు.

సరే, అసలు సంగతికొస్తా. నాకీ ఓవర్‌రేటెడ్ గోల ఎందుకంటే నేను కబడ్డీలో రైట్ కార్నర్ ఆడేవాణ్ని, అంటే కుడి చివర నిలబడి కూతకొచ్చినవాణ్ని పట్టేవాణ్ని. కార్నర్ ఆడినవాడికి లోకం మీద ఎప్పుడూ ఒక ఫిర్యాదు ఉంటుంది. ఆట లెక్కే అట్లాంటిది. కూతకు పోయినవాడు ముగ్గురిని తాకి వస్తే మూడు పాయింట్లు. అదే కూతగాణ్ని ఏడుగురు కలిసి, మోకాళ్లు చెక్కుకుపోయి, పళ్లు కదిలిపోయి పట్టినా ఒక్కటే పాయింటు. ముగ్గురు, అంతకన్నా తక్కువమందే ఉన్నప్పుడు పడితే ప్రో కబడ్డీలో రెండిస్తారు, అదే పెద్ద దయ. 2017లో పర్దీప్ నర్వాల్ హరియాణా మీద ఒక్క మ్యాచ్‌లో 34 రెయిడ్ పాయింట్లు తెచ్చాడు. ఒకే కూతలో 8. పట్టేవాళ్ల చేతుల కింద నుంచి వంగి దూరిపోయే ఆ డుబ్కీ చూసి నేనూ సోఫాలోంచి లేచా. కానీ పట్టేవాడు ఎంత మొనగాడైనా 34 తేలేడు, ఆటలో అంత చోటే లేదు.

2023లో మన తెలుగు టైటాన్స్ వాళ్లు పవన్ సెహ్రావత్ అనే కూతగాణ్ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. అప్పటికి అదే రికార్డు. మా పిల్లలు కప్పు వచ్చేసినట్టే ఎగిరారు. పవన్ తన పని తను చేశాడు, పాయింట్లు తెస్తూనే పోయాడు. టైటాన్స్ ఆఖరి స్థానంలో నిలిచింది. ఆ ఏడు కప్పు పుణెరి పల్టన్ ఎత్తుకుపోయింది. ఆ జట్టు ఖరీదైన ఆటగాడెవరంటే ఇరాన్ నుంచి వచ్చిన షాద్లూ, 2 కోట్ల 35 లక్షలు. పట్టేవాడు! లెఫ్ట్ కార్నర్! ఆ రాత్రి నేను ఒంటరిగా స్వీట్ తిన్నా.

అట్లాగని పవన్ ఓవర్‌రేటెడ్ అనను. ఆరుగురిని అరకొరగా పెట్టి ఏడోవాడి మీద కోట్లు కుమ్మరించడం మాత్రం ఓవర్‌రేటెడ్. 1983 ప్రపంచకప్‌లో కపిల్ దేవ్ 175 అందరికీ తెలుసు. జింబాబ్వే మీద 140కి 8 పడినప్పుడు వచ్చి, చివరిదాకా ఔట్ కాకుండా 24 కొట్టి, కపిల్‌తో 126 పరుగులు జోడించిన కిర్మాణీ ఎందరికి గుర్తున్నాడు? 2011 ప్రపంచకప్ ఫైనల్ అంటే ధోనీ సిక్స్ గోడల మీద పోస్టర్. గంభీర్ 97కి పోస్టర్ లేదు. మూడు పరుగులు ఎక్కువ కొట్టుంటే ఉండేదేమో, మళ్లీ అదే గుండ్రటి అంకె.

ఈ రెండో వరస మనుషులకు మన పేపర్లలో ఒక పేరుంది. తదితరులు. "ఫలానా ఆటగాడు చెలరేగగా, తదితరులు రాణించారు."

నేను తదితరులను.

2003 సంక్రాంతికి మా మండలంలో కబడ్డీ టోర్నమెంట్ జరిగింది. ఫైనల్లో మా ఊరు ఒక్క పాయింటుతో గెలిచింది. తెల్లారి జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త. ఒక పేరు మాత్రం పెద్దగా వేశారు, ఆయన "ఒంటిచేత్తో" గెలిపించాడట. కబడ్డీలో ఒంటిచెయ్యి ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కింద ముగ్గురి పేర్లు, తర్వాత తదితరులు. ఆఖరి కూతకు వచ్చినవాణ్ని మడమ దగ్గర పట్టి గీత తాకకుండా ఆపింది నేను. ఆ పెద్ద పేరు ఎవరిదో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. రెండేళ్ల తర్వాత ఆయనే మా అక్కను చేసుకున్నాడు. ఆ కటింగ్ లామినేషన్ చేయించి షాపులో పెట్టాడు, సచిన్ ఫొటో కింద.

పేపర్లో రాకపోయినా ఊళ్లో నా పట్టుకు పేరొచ్చింది. ఇప్పటికీ ఊరికి పోతే రచ్చకట్ట మీద ముసలాయన ఎవరో ఒకరు పిల్లలకు చూపించి, "గీ సారు పట్టిన పట్టు చూడాలె" అంటారు. ఏడాదికేడాది ఆ పట్టు పెరుగుతోంది. మొన్నటికి నేను పట్టినవాడి బరువు తొంభై కిలోలైంది. నేను కాదనలేదు.

ఐదో రోజు నేనే షాపుకు పోయాను. బావ పలకలేదు. కాలితో స్టూలు నా వైపు తోశాడు. ఒక రైతు కాలిన మోటారు దింపి, బత్తాయి తోట ఎండిపోతోందని తొందర పెడుతున్నాడు. ఆయన్ను పంపించేదాకా కూర్చున్నా. తర్వాత బుమ్రా సంగతి చెప్పాను. ఓడిపోయినందుకు ఆ సెంచరీని తక్కువ చేయడం నాదే తప్పు, కానీ టెస్టులూ వన్డేలూ కలపడం మీద నా మాట నాదే అన్నాను.

బావ చేతులకంటిన వార్నిష్ గుడ్డతో తుడుచుకున్నాడు.

"నీ బాధ సచిన్ కాదు గదా. గది," అని లామినేషన్ వైపు గదుమ ఎత్తాడు.

నేను మాట్లాడలేదు.

"ఇరవై రెండేండ్ల సంది నేనొక మాట ఎవ్వరికీ చెప్పలే. ఆనాడు నీ పక్కన రైట్ ఇన్‌లో నేనే ఉన్న. నువ్వు పట్టకముందే వానికి కూత తెగింది. జనం లొల్లిలో అంపైరుకు ఇనబడలే, నాకు ఇనబడ్డది."

కూత తెగితే వాడు అప్పటికే ఔట్. పట్టినా పట్టకపోయినా పాయింటు మాదే. నాకూ వినబడింది. ఆయనకు వినబడలేదనుకున్నా ఇన్నేళ్లూ.

"రెండు చాయ్ చెప్పు," అన్నాడు బావ. "పైసలు నువ్వే ఇయ్యి."