పిన్ను మీద గీతలు లెక్కపెట్టుకోండి

నిరుడు ఎంగిలిపూల బతుకమ్మ నాడు హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర వీడియో తీద్దామని ఫోన్, పాత కెమెరా, దోస్తు దగ్గర అడిగి తెచ్చిన వైర్‌లెస్ మైక్ సంచిలో వేసుకుని పోయాను. మా అక్క కొంగుకి మైక్ పెట్టి గంటసేపు తీశాను, ఇంటికొచ్చి వింటే పాట ఎక్కడో దూరంగా, బండ్ల హారన్లు మాత్రం చెవి పక్కనే.

తప్పు మైక్ రిసీవర్‌ని ఫోన్‌కి కలిపే కేబుల్‌ది. కెమెరాకి వేసే 3.5 ఎంఎం పిన్ను మీద రెండు నల్ల గీతలుంటాయి, ఫోన్‌కి మూడు గీతలది కావాలి, రెండు గీతలది గుచ్చితే ఫోన్ దాన్ని హెడ్‌ఫోన్ అనుకుని తన సొంత మైక్‌తోనే రికార్డు చేసుకుంటూ పోతుంది, ఒక్క ముక్క కూడా చెప్పదు! ఇప్పుడు మూడు గీతల కేబుల్‌కి ఎర్ర టేపు చుట్టి పెట్టాను.

సీరియల్ బల్బులు వీడియోలో మినుకుమినుకుమంటే షటర్ (ఒక్కో ఫ్రేమ్‌కి వెలుగు పడే సమయం) సెకనులో 1/50కి మార్చండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, చాలావరకు తగ్గుతుంది. ఇక ఫోన్ ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి తీసే బొమ్మల లెక్క, కాస్త అటూఇటూ అవుతుంటుంది కాబట్టి కెమెరా వీడియోతో కలిపితే పాట చివరికొచ్చేసరికి పెదాలు ఒకటి, మాట ఒకటి. నేనైతే రెండు వీడియోలూ సరిచూసుకోవడానికి గుర్తుగా మొదట్లో ఒక చప్పట్టు, ఆఖర్లో ఒకటి కొట్టిస్తాను. బతుకమ్మ ఆటలో ఏ చప్పట్టు నాదో వెతుక్కోవడం వేరే తలనొప్పి.