తీగ చివర నల్ల గీతలు ఎన్ని?

ఈరోజు ఆదివారం. పొద్దున్నే లేచి, అన్నయ్య పాత డెస్క్‌టాప్‌తో పాటు అటకెక్కించిన హెడ్‌సెట్‌ను దించి దుమ్ము దులిపాను. సాయంత్రం ఆరింటికి తొమ్మిదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కల క్లాసు. పోయిన వారం బహుపదులు చెబుతుంటే మధ్యలో మా కుక్కరు నాలుగు కూతలు కూసింది. పిల్లలు నోట్సులో ఏం రాసుకున్నారో గానీ, ఒకడు మాత్రం "మేడం, పప్పు ఉడికిపోయింది" అని చాట్‌లో పెట్టాడు. మూలాపేటలో మా ఇల్లు చిన్నది. వంటింటికీ నా టేబుల్‌కీ మధ్య ఒక కర్టెనే అడ్డం.

హెడ్‌సెట్ తీగ చివర రెండు పిన్నులు. గులాబీ రంగుది మైకుకు, ఆకుపచ్చది వినడానికి. లాప్‌టాప్‌కు ఉన్న రంధ్రమేమో ఒక్కటే. ఆకుపచ్చది గుచ్చితే పాట బ్రహ్మాండంగా వినపడింది. గులాబీది గుచ్చితే ఉలుకూ లేదు పలుకూ లేదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి పోయి చూశాను, మైక్రోఫోన్ ఆన్‌లోనే ఉంది. సరేనని మళ్ళీ ఆకుపచ్చ పిన్నే పెట్టి, రికార్డర్‌లో "హలో, ఒకటి, రెండు" అని చెప్పి వింటే నా గొంతు వచ్చింది! ఇంకేం, పనైపోయిందనుకున్నా. రికార్డింగ్ ఇంకాస్త ముందుకు పోయేసరికి అమ్మ గొంతు.

"కానగంతలు ఇంతింత ఉంటే ఆ రేటు చెప్తావేందమ్మే? ఇప్పుడే మైపాడు నించి తెచ్చానంటావు, కండ్లు చూడు ఎట్ట పోయినాయో!"

గుమ్మం దగ్గర చేపలామెతో బేరం. నా ఒకటీ రెండూ బావిలోంచి వచ్చినట్టు ఉన్నాయి, ఆ బేరం మాత్రం ఖంగుమంటోంది. మైకు నా నోటి దగ్గర ఉంటే ఇలా ఎందుకు రావాలి? అనుమానం తీరడానికి హెడ్‌సెట్ మైకును గోటితో గీకుతూ మళ్ళీ రికార్డు చేశాను. గీకిన చప్పుడు రాలేదు. అంటే ఇందాకటి నుంచి వింటున్నది లాప్‌టాప్ లోపలి మైకు.

స్కూటీ తీసుకుని ట్రంకు రోడ్డుకు పోయాను. కొట్లో అబ్బాయి నా మాట సగం విని, "రెండు పిన్నులు ఒకదాంట్లోకి పోవాల, అంతే గదక్కా" అంటూ ఒక చిన్న తీగ చేతిలో పెట్టాడు. 150 రూపాయలు. ఇంటికొచ్చి పెడితే వినపడుతుంది గానీ, మైకు కథ మామూలే.

అప్పుడు గానీ పిన్ను వంక సరిగ్గా చూడలేదు. నా ఫోను ఇయర్‌ఫోన్ పక్కన పెట్టి పోల్చాను. ఇయర్‌ఫోన్ పిన్నుకు మూడు నల్ల గీతలు, కొత్త తీగకు రెండే. రెండు గీతలుంటే పిన్ను మూడు ముక్కలు: కొన ఎడమ చెవికి, తర్వాతది కుడి చెవికి, మిగిలింది గ్రౌండ్, అంటే కరెంటు తిరిగిపోయే దారి. ఇక మైకుకు చోటెక్కడిది? మూడు గీతలుంటే నాలుగో ముక్క వస్తుంది, అదీ మైకుది. నేను తెచ్చింది బస్సులో ఇద్దరు కూర్చుని ఒకే ఫోన్లో పాటలు వినడానికి పనికొచ్చే తీగ! చూడటానికి రెండూ కవలపిల్లలే.

అన్నయ్యకు ఫోన్ చేస్తే, "సీటీఐఏ రకం అడుగు, పిన్ను ముక్కలు ఇప్పటి ఫోన్ల వరుసలో ఉండేది. పాతవి కొన్నిట్లో మైకూ గ్రౌండూ తారుమారై ఉంటాయి" అన్నాడు. మళ్ళీ పోయి అదే అడిగా. ఆ అబ్బాయి నన్ను పైనుంచి కిందికి చూసి, "అయ్యన్నీ నాకు తెలీదక్కా, పని చెయ్యకపోతే తెచ్చెయ్" అన్నాడు. పాపం, తీగ మార్చడానికి మాత్రం పేచీ పెట్టలేదు, ఇంకో యాభై తీసుకున్నాడంతే. ఈసారి కొట్లోనే గీతలు లెక్కపెట్టుకున్నా. మూడు. ఒక కాలు మీద మైకు బొమ్మ, ఇంకో కాలు మీద హెడ్‌ఫోన్ బొమ్మ.

పెట్టగానే ఏం గుచ్చావని లాప్‌టాప్ అడిగింది. హెడ్‌సెట్ అని నొక్కాను. ఇన్‌పుట్ జాబితాలో కొత్త మైకు కనపడింది, దాన్నే ఎంచుకున్నా. గోటితో గీకాను. చప్పుడు లేదు!

అరగంట పోయింది. రీస్టార్ట్ చేశాను, పిన్నులు తుడిచాను, హెడ్‌సెట్‌ను తిట్టాను. అమ్మ పులుసులోకి మామిడికాయ కోస్తూ వచ్చి నిలబడింది.

"ఆ వైరు మీద గొళ్ళెం మాదిరి ఉండేదేందే?"

తీగ మధ్యలో గింజంత మ్యూట్ బటన్. ఎప్పుడో అన్నయ్య ఆపి పెట్టినట్టున్నాడు. పైకి జరిపి గీకితే చెవులు గింగుర్లెత్తాయి. మైకు సౌండు వందలో ఉంటే బుస్సుమంటోందని డెబ్బైకి తగ్గించాను. అమ్మ ఏమీ అనలేదు, ఒక మామిడిముక్క నా నోట్లో పెట్టి పోయింది.

ఆరింటికి క్లాసు మొదలైంది. ఇరవై నిమిషాలయ్యాక కర్టెన్ అవతల కుక్కరు మూడో కూత కూస్తుండగా, పోయిన వారం పప్పు సంగతి చెప్పినవాడే మైకు ఆన్ చేశాడు.

"మేడం, ఈరోజు మీ ఇంట్లో వంట లేదా?"