పంటి క్యాపు: ఏది ఎంత గట్టిది?

విజయనగరంలో గంటస్తంభం దగ్గర కొన్న జంతిక కొరికినప్పుడు, ఎనిమిదేళ్ల కిందట దవడ పంటికి వేయించుకున్న క్యాపు మీది పింగాణీ పెచ్చు ఊడి, లోపలి లోహం నల్లగా బయటపడింది. నాలుక పదేపదే అక్కడికే పోయి ఆ గరుకు అంచును తడిమేది. కొత్తది వేయించుకునే ముందు ఏ పదార్థం ఎంత బలమైనదో తెలుసుకోవాలనిపించింది.

వంచినప్పుడు విరగకుండా నిలిచే బలాన్ని మెగాపాస్కల్స్‌లో చెబుతారు. లోహంపై పూతగా వేసే పింగాణీకి అది సుమారు 60 నుంచి 120 మాత్రమే. లోపలి లోహం చెక్కుచెదరకపోయినా పైపూత రాలడానికి ఒక ముఖ్య కారణం ఇదే. లిథియం డైసిలికేట్ అనే గాజు తరహా పింగాణీకి 360 నుంచి 500 దాకా ఉంటుంది. చూపుకు సహజంగా ఉండటం వల్ల అది ముందు పళ్లకు బాగా నప్పుతుంది. 3 మోల్ శాతం (అణువుల లెక్కన నూటికి మూడు) ఇట్రియా అనే ఆక్సైడ్ కలిపిన జిర్కోనియా అనే తెల్లని గట్టి సిరామిక్‌కైతే 900 నుంచి 1200 వరకు ఉంటుంది. పగులు మొదలైన చోట దాని స్ఫటికాలు రూపం మార్చుకొని, సుమారు 4 శాతం ఉబ్బి, ఆ పగులును రెండువైపుల నుంచీ నొక్కిపట్టి ముందుకు సాగకుండా అడ్డుకుంటాయి. ఇట్రియాను 5 శాతానికి పెంచిన రకం పాక్షిక పారదర్శకంగా, అందంగా కనిపించినా బలం బాగా తగ్గుతుంది కనుక, జిర్కోనియా అన్న ఒక్క మాట విని డబ్బు కట్టేయకుండా ఏ రకమో అడగడం మంచిది.

నేను 3 శాతం రకమే ఎంచుకున్నాను. బిగించాక రంగు కాగితం కొరికించి, నీలి మచ్చ పడిన చోట కొద్దిగా అరగదీసి, ఎదుటి పన్ను అరిగిపోకుండా మళ్లీ నున్నగా మెరుగు పెట్టారు.